రెండో గీత పడ్డాక

హైదరాబాద్ పాతబస్తీలోని మొఘల్‌పురాలో ఏ మందుల దుకాణంలో అడిగినా గర్భనిర్ధారణ కిట్ ఇస్తారు. పెళ్లయిందా, ఎవరి కోసం, ఎందుకు అని కౌంటర్ అవతలి మనిషి అడగడు. పాత పేపరులో చుట్టి చేతిలో పెట్టి చిల్లర లెక్కపెట్టుకుంటాడు. 2021 మే నెలలో ఇంట్లో చేసుకునే కోవిడ్ పరీక్షకు ఐసీఎంఆర్ ఒప్పుకున్నాక పుణెకు చెందిన మైల్యాబ్ వారి కోవిసెల్ఫ్ కూడా 250 రూపాయలకు ఇలాగే దుకాణాల్లోకి వచ్చింది. ముక్కులో పుల్ల తిప్పుకుని, పావుగంట కూర్చుని, ఒక గీతా రెండు గీతలా అని చూసుకోవడం అప్పటినుంచి వీధివీధికీ తెలిసిన విద్యే.

హెచ్ఐవీకీ ఇలాంటి కిట్ ఉంది. కొత్తదేమీ కాదు. ఇంట్లో ఎవరికి వారు చేసుకునే ఓరాక్విక్ కిట్‌ను అమ్ముకోవచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2012 జులైలోనే చెప్పింది. హెచ్ఐవీ స్వీయ పరీక్షను అన్ని దేశాలూ తమ కార్యక్రమాల్లో చేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 డిసెంబరులో సిఫారసు చేసింది. మలావీ, జాంబియా, జింబాబ్వే వంటి పేద దేశాల్లో ఆ కిట్లు లక్షల్లో ఇంటింటికీ చేరాయి. మన దగ్గర మాత్రం అవి ఎక్కువగా ప్రాజెక్టులు, అధ్యయనాల దారిలోనే జనం దాకా వచ్చాయి. గర్భనిర్ధారణ కిట్ పక్కన అరలో కూర్చునే మామూలు సరుకు ఇంకా కాలేదు.

కావాలా? కావాలనే నా మాట. అయితే దానికి ఒక షరతు ఉంది. ఆ షరతు కిట్‌కు సంబంధించింది కాదు, మొఘల్‌పురా లాంటి చోట ఇల్లు ఎలా ఉంటుందన్నదానికి సంబంధించింది. అక్కడికి వచ్చేముందు కిట్‌లో ఉండే పుల్ల ఏం చేస్తుందో, ఏం చేయలేదో చూడాలి.

హెచ్ఐవీ ఒంట్లోకి చొరబడ్డ కొన్ని వారాలకు మన రక్షణ వ్యవస్థ దాని మీద యాంటీబాడీలు తయారుచేస్తుంది. అవి రక్తంలోనే ఉండిపోవు. చిగుళ్ల అంచుల్లో ఊరే సన్నని తేమలోకి కూడా కొద్దికొద్దిగా వస్తాయి. కిట్‌లోని చదునైన పుల్లను పై చిగురు పొడవునా ఒకసారి, కింది చిగురు పొడవునా ఒకసారి రాసి చిన్న సీసాలోని ద్రావణంలో నిలబెడితే, దీపపు వత్తి నూనెను పీల్చినట్టు ఆ తడి నైట్రోసెల్యులోజ్ పట్టీ మీద పైకి పాకుతుంది. దారిలో కంటికి కనిపించని బంగారు నలుసులు కాచుకుని ఉంటాయి. వాటికి పూసిన ప్రొటీన్ యాంటీబాడీలను పట్టుకుంటుంది. కాస్త పైన, 'టి' అని గుర్తు ఉన్న చోట, హెచ్ఐవీ పైపొరలోని ప్రొటీన్లను పోలిన ముక్కలను పట్టీకి అతికించి ఉంచుతారు. హెచ్ఐవీ మీద పుట్టిన యాంటీబాడీ అయితే అక్కడ ఇరుక్కుంటుంది. వెంట ఉన్న బంగారు నలుసులు పోగుపడి ఎర్రని గీతగా కనిపిస్తాయి. బంగారాన్ని అంత సన్నగా నూరితే దాని రంగు ఎరుపే మరి.

మిగతావి ఇంకా పైకి వెళ్లి 'సి' అన్న చోట ఆగుతాయి. అక్కడ ఏ మనిషి యాంటీబాడీనైనా పట్టే పదార్థం ఉంటుంది కాబట్టి, పుల్లకు సరిగ్గా తేమ అంటితే 'సి' గీత ఎవరికైనా పడాల్సిందే. అది పడకపోతే పరీక్ష జరగనట్టే లెక్క. అవతల పారేసి ఇంకో కిట్ తీసుకోవాలి. ఓరాక్విక్ ఫలితాన్ని 20 నిమిషాలకు ముందు చూడకూడదు, 40 నిమిషాలు దాటాక నమ్మకూడదు. వేలికొన నుంచి రక్తపు చుక్క తీసుకునే కిట్లూ ఉన్నాయి. వాటిలో కొన్నింటికి నిమిషం చాలు.

చిగుళ్ల తడితో పరీక్ష అనగానే ఒక అనుమానం పుడుతుంది. ఉమ్మిలో కనిపిస్తోందంటే ఉమ్మితో సోకుతుందన్నమాటే కదా! కాదు. పుల్ల వెతికేది వైరస్‌ను కాదు, వైరస్ మీద మన ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీని. ఒకే కంచంలో తిన్నా, ఒకే కప్పులో చాయ్ తాగినా హెచ్ఐవీ రాదు. ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చుని పెద్ద పళ్లెంలోంచి అందరూ కలిసి తినే ఇళ్లున్న చోట ఈ మాట ముందే చెప్పకుండా కిట్లు పంచితే మేలు కంటే చెరుపే ఎక్కువ. పరీక్షకు ముందు కనీసం పావుగంట ఏమీ తినకూడదు, తాగకూడదు అన్నది కూడా పాన్, గుట్కా నోట్లోంచి దిగని మనుషులకు కాగితం మీద అచ్చేస్తే సరిపోదు, నోటితో చెప్పాలి. కాగితం ఎలాగూ ఉర్దూలో, తెలుగులో, బొమ్మలతో ఉండాలి. చార్మినార్‌కు దక్షిణాన ఒకే గల్లీలో ఒక ఇంటివారు ఉర్దూ మాత్రమే చదువుతారు, పక్కింటివారు తెలుగే చదువుతారు, ఆ పక్కింట్లో పెద్దవాళ్లకు ఏదీ చదవడం రాదు.

నోటి పరీక్ష మన దేశానికి పరాయిదేమీ కాదు. మహారాష్ట్రలోని సేవాగ్రామ్‌లో మహాత్మా గాంధీ వైద్య విజ్ఞాన సంస్థలో నితికా పంత్ పాయ్, ఆమె సహచరులు 450 మంది మీద చేసిన అధ్యయనం 2007లో వెలువడింది. శిక్షణ ఉన్న సిబ్బంది చేతుల్లో చిగుళ్ల పరీక్ష రక్త పరీక్షతో పూర్తిగా సరిపోయింది. సూది కంటే పుల్లే నయమన్నవాళ్లు అక్కడ చాలా ఎక్కువ. తర్వాత 2012లో అదే పరిశోధకురాలు ప్రపంచంలోని అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, నిజంగా హెచ్ఐవీ ఉన్నవారిని పట్టుకోవడంలో రక్తం కంటే చిగుళ్ల తడి సుమారు రెండు శాతం వెనకబడింది.

ఇదంతా శిక్షణ ఉన్న చేతుల సంగతి. మామూలు మనిషి ఒంటరిగా ఇంట్లో చేసుకుంటే? అమెరికాలో అనుమతికి ముందు ఐదు వేలకు పైగా మందితో అలాగే చేయించి చూశారు. హెచ్ఐవీ ఉన్న ప్రతి 12 మందిలో ఒకరిని కిట్ వదిలేసింది. అంటే 92 శాతమే దొరికారు. చిగురు వదిలి నాలుక మీద రాసినా, తొందరపడి చూసినా, లేత గీతను 'ఇది గీత కాదులే' అనుకున్నా లెక్క తప్పుతుంది. హెచ్ఐవీ లేనివారి విషయంలో మాత్రం అది గట్టిది. ఐదు వేల మందిలో ఒకరికే పొరపాటున గీత చూపింది.

ఈ రెండు అంకెలను మన రాష్ట్రం మీద పెట్టి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) 2021 అంచనాల ప్రకారం వయోజనుల్లో హెచ్ఐవీ దేశం మొత్తం మీద 0.21 శాతం, తెలంగాణలో 0.47, ఆంధ్రప్రదేశ్‌లో 0.67. తెలంగాణలో పదివేల మంది పెద్దవాళ్లు ఈ కిట్ వాడారనుకోండి. వారిలో సగటున 47 మందికి హెచ్ఐవీ ఉంటుంది. కిట్ 43 మందిని పడుతుంది, నలుగురిని వదిలేస్తుంది. హెచ్ఐవీ లేని 9,953 మందిలో ఇద్దరికి అబద్ధపు గీత పడుతుంది. మొత్తం 45 గీతలు, వాటిలో రెండు తప్పు. చెడ్డ లెక్క కాదు.

ఇప్పుడు నాసిరకం కిట్ ఒకటి ఊహించండి. డబ్బా మీద '99 శాతం ఖచ్చితం' అని పెద్ద అక్షరాలు. వినడానికి దివ్యంగా ఉంది. కానీ లేనివారిలో నూటికి ఒకరికి గీత చూపిస్తుంది కాబట్టి 9,953 మందిలో దాదాపు వంద మందికి అబద్ధపు గీత పడుతుంది. నిజంగా ఉన్నవారి గీతలు 43. అంటే ఆ పదివేల మందిలో గీత చూసి గుండె ఆగినంత పనైన 143 మందిలో వంద మందికి అసలు జబ్బే లేదు. 99.98కీ 99కీ మధ్య తేడా ఒక్క శాతం కూడా లేదు. కానీ అదే తేడా వంద కాపురాల్లో చిచ్చు పెట్టగలదు. జబ్బు అరుదుగా ఉన్నచోట పరీక్ష ఎంత మంచిదో 'శాతం ఖచ్చితం' అన్న ఒక్క అంకె చెప్పదు. హెచ్ఐవీ కిట్లను మన వైద్య పరికరాల నిబంధనల్లో అన్నిటికంటే కఠినమైన 'డి' తరగతిలో పెట్టింది ఊరికే కాదు.

అందుకే ఈ రంగంలో పనిచేసేవాళ్లు గీత పడితే 'పాజిటివ్' అనరు, 'రియాక్టివ్' అంటారు. ప్రభుత్వ హెచ్ఐవీ సలహా, పరీక్షా కేంద్రాలైన ఐసీటీసీల్లో కూడా మొదటి పరీక్ష రియాక్టివ్ అయితే వేరే రకం కిట్లతో ఇంకో రెండు పరీక్షలు చేస్తారు. మూడూ ఒకే మాట చెప్పాకే మనిషికి చెబుతారు. ఇంట్లో పడిన గీత ఆ మూడింటికి ముందున్న మెట్టు. 'పద, వెళ్లి చూపించుకో' అనడం వరకే దాని పని.

వదిలేసిన నలుగురి సంగతి ఇంకా చిక్కు. వైరస్ సోకిన వెంటనే యాంటీబాడీలు ఉండవు. ఈ తరహా పరీక్షలకు అవి చిక్కడానికి 23 నుంచి 90 రోజులు పట్టవచ్చు. ప్రయోగశాలలో సిర నుంచి రక్తం తీసి యాంటీబాడీతోపాటు వైరస్ ప్రొటీన్‌ను కూడా వెతికే పరీక్షకు 18 నుంచి 45 రోజులు చాలు. నిన్న రాత్రి భయపడి ఇవాళ పొద్దున చేసుకున్న పరీక్ష నిన్నటి గురించి ఏమీ చెప్పదు. మూడు నెలల కిందటి దాకా జరిగినదాని గురించే చెబుతుంది. పైగా వైరస్ సోకిన తొలి వారాల్లోనే రక్తంలో దాని సంఖ్య విపరీతంగా ఉంటుంది, ఇతరులకు అంటించే అవకాశం అప్పుడే ఎక్కువ. ఒక్క గీత చూసి నిశ్చింతగా ఉండాల్సిన సమయం కాదది. ఇప్పటికే హెచ్ఐవీని అణచే ఏఆర్‌టీ మందులు వాడుతున్నవారికీ ఈ కిట్ పనికిరాదు, ఒక్కోసారి గీత పడక 'తగ్గిపోయింది' అన్న భ్రమ కలిగిస్తుంది. ఏడాదిన్నర లోపు పిల్లలకు అసలే వద్దు. వాళ్ల ఒంట్లో ఉన్నవి తల్లి యాంటీబాడీలు.

ఇన్ని తకరార్లున్న పుల్ల ఎందుకు మరి, సరాసరి ఆసుపత్రికి వెళ్తే పోలేదా? పోలేదు. వెళ్లడం లేదు కాబట్టే ఈ పుల్ల. దేశంలో హెచ్ఐవీతో ఉన్నవారిలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఆ సంగతి తెలియదు. తెలిసి మందులు మొదలుపెట్టినవారిలో నూటికి తొంభైకి పైగా మంది రక్తంలో వైరస్ అణిగి ఉంది. అలా కనిపించనంతగా అణిగితే లైంగిక సంబంధం ద్వారా భాగస్వామికి సోకదు. 2017 ఏప్రిల్ నుంచి మన దేశంలో రక్షణ వ్యవస్థలోని సీడీ4 కణాల లెక్కతో పని లేకుండా, నిర్ధారణ అయిన ప్రతివారికీ ఉచితంగా మందులు ఇస్తున్నారు. ఒకప్పుడు 'తెలిసి ఏం లాభం' అన్న మాటలో నిజముండేది. ఇప్పుడు లేదు. మందు ఉంది, అది పనిచేస్తోంది, తెలియకపోవడం ఒక్కటే అడ్డు.

1986లో దేశంలో మొదటిసారి హెచ్ఐవీని గుర్తించడానికి డాక్టర్ సునీతి సోలొమన్, ఆమె విద్యార్థిని నిర్మల మద్రాసులో సేకరించిన నమూనాలను వేలూరు దాకా మోసుకెళ్లి పరీక్షించాల్సి వచ్చింది. ఇప్పుడు ప్రయోగశాలే చొక్కా జేబులో పడుతుంది. ఇక్కడిదాకా శాస్త్రం తన పని తాను చేసింది.

ఇక ఇల్లు. 'ఇంట్లో రహస్యంగా చేసుకునే పరీక్ష' అన్న మాట పుట్టిన చోట ఇల్లంటే తలుపు వేసుకోగల గది. మొఘల్‌పురా, సుల్తాన్‌షాహీ, తలాబ్‌కట్టా కిరాయి ఇళ్లలో ఒకే గదిలో ఇద్దరు ముగ్గురు పిల్లలు, తల్లిదండ్రులు, అత్తగారు ఉంటారు. మగ్గం పని, గాజులకు రాళ్లు అతికే పని కూడా అదే గదిలో. స్నానాల గది ఇంకో రెండు వాటాలవారితో ఉమ్మడి. ఆ ఇంట్లో 20 నిమిషాల పాటు ఒక పుల్లను సీసాలో నిలబెట్టి, ఎవరి కంటా పడకుండా కాపలా కాయడం ఎక్కడ కుదురుతుంది? వాడిన కిట్‌ను ఎక్కడ పారేస్తారు? చెత్త కూడా అందరి కళ్ల ముందే గల్లీ మొదటికి వెళ్తుంది. ఆన్‌లైన్‌లో తెప్పించుకోమంటారు కొందరు. పార్సిల్ వచ్చిందంటే ఇంటిల్లిపాదీ విప్పి చూసే చోట, ఒకే ఫోన్ నలుగురు వాడే చోట ఆ సలహా బంజారాహిల్స్‌కే పనికొస్తుంది.

అందుకని పేదలకు ఈ కిట్లు వద్దనడం ఇంకో తప్పు. రహస్యం ఎవరికి ఎక్కువ అవసరమో వారికే అది ఎక్కువ దూరంగా ఉంది, అంతే. ఆసుపత్రికి వెళ్తే మాత్రం రహస్యం ఉందా? ఇంటి కోడలు ఒంటరిగా వెళ్లదు, అత్తగారో ఆడపడుచో తోడు వస్తారు. రోజుకూలీకి వెళ్లే మగవాడు వరుసలో నిలబడితే ఆ రోజు కూలి పోతుంది, పైగా వరుసలో తెలిసిన ముఖం ఒకటి తగులుతుంది. బస్తీ మనిషికి ఇల్లూ ఆసుపత్రీ రెండూ బజారే. ఇది ఒప్పుకున్నాకే కిట్ ఎక్కడ పెట్టాలో ఆలోచించడం మొదలవుతుంది. నా ఉద్దేశంలో దాని చోటు ఇంటికీ పెద్దాసుపత్రికీ నడుమ ఉంది. 2018 నుంచి నగరంలో తెరుచుకుంటూ వచ్చిన బస్తీ దవాఖానాలు, గల్లీలో అందరూ వెళ్లే ప్రైవేటు డాక్టరు గది, మందుల దుకాణం వెనక అర. జలుబుకూ బీపీకీ వెళ్లే చోటే కాబట్టి ఎందుకెళ్లావని ఎవరూ అడగరు. అక్కడే ఒక మూల తెర వెనక చేసుకోవచ్చు, కావాలంటే ఎలా చేసుకోవాలో ఒకరు చూపిస్తారు. స్వీయ పరీక్ష అంటే ఒంటరిగానే చేసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అనలేదు. పక్కన ఒకరు తోడుండి చేయించేదీ స్వీయ పరీక్షే.

ఇంట్లోకి కిట్ వెళ్లాల్సిన దారి ఒకటి మాత్రం ఉంది. గర్భిణిగా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లిన ప్రతి స్త్రీకీ హెచ్ఐవీ పరీక్ష చేస్తారు. పాతబస్తీ ఆడవాళ్లలో చాలామందికి ఆ ఆసుపత్రి పేట్లబుర్జు. కానీ ఆమెను తీసుకొచ్చిన భర్త బయట చెట్టు కింద నిలబడి బీడీ తాగి వెళ్లిపోతాడు. ఆయనకు పరీక్ష లేదు. కెన్యాలోని కిసుములో ఈ చిక్కు మీదే ఒక ప్రయోగం చేశారు. 600 మంది గర్భిణులు, బాలింతలను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు భర్త కోసం స్వీయ పరీక్ష కిట్లు ఇచ్చి పంపారు. రెండో జట్టుకు ఆసుపత్రికి రమ్మని పిలిచే చీటీ ఇచ్చారు. 2016లో వచ్చిన ఫలితాల్లో చీటీ అందుకున్న ఇళ్లలో 52 శాతం మగవాళ్లు పరీక్ష చేయించుకుంటే, కిట్ అందుకున్న ఇళ్లలో 91 శాతం చేసుకున్నారు. మగవాడు ఆసుపత్రికి రాడు, కానీ భార్య చేతిలో పెట్టిన పుల్లను పెద్దగా కాదనడు.

ఇక్కడ తొందరపడకూడదు. కొట్టే భర్త ఉన్న స్త్రీ చేతికి ఆ కిట్ ఇవ్వడమంటే దెబ్బల్ని పంపడమే. ఇచ్చేముందు నర్సు తలుపు వేసి నాలుగు మాటలు అడగాలి. ఎదురు దిక్కు నుంచి కూడా చూడాలి. కిట్ చవగ్గా దొరికితే కోడలికి బలవంతంగా చేయించే అత్తమామలు, పెళ్లికి ముందు చేసి చూపించమనే మగపెళ్లివారు, పనిలో పెట్టుకునేముందు పుల్ల చేతికిచ్చే కార్ఖానా యజమాని బయలుదేరరా? 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చిన 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం మనిషి సమ్మతి లేకుండా పరీక్ష కూడదంటోంది. ఉద్యోగానికి, వైద్యానికి, చదువుకు, అద్దె ఇంటికి హెచ్ఐవీని సాకుగా చూపి వివక్ష పాటించడాన్ని నిషేధిస్తోంది. ఆ చట్టం సంగతి కిట్ డబ్బా మీద రెండు ముక్కల్లో అచ్చు కావాలి. బస్తీలో చట్టం పుస్తకం కంటే డబ్బా ఎక్కువ చేతులు మారుతుంది.

పాతబస్తీకి సొంతమైన ఇంకో భయం గల్ఫ్ మెడికల్. సౌదీకో దుబాయ్‌కో పనికి వెళ్లాలంటే వైద్య పరీక్ష తప్పదు, అందులో హెచ్ఐవీ ఒకటి. ఉందని తేలితే 'అన్‌ఫిట్'. ఏజెంటుకు అప్పు చేసి కట్టిన డబ్బు, అమ్మిన నగలు, చెల్లెలి పెళ్లి లెక్కలు అన్నీ ఆ ఒక్క మాటతో కూలుతాయి. చాలామంది కుర్రవాళ్లకు జీవితంలో మొదటి హెచ్ఐవీ పరీక్ష అదే. కౌన్సెలింగ్ కోసం కాక వీసా కోసం జరిగే పరీక్ష. అక్కడ తేలినవాడు ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్లడం కంటే ఇంకో ఏజెంటు దగ్గరకు వెళ్లడమే సులువు. అప్పు చేయకముందే, పాస్‌పోర్టు కాగితాలకు ముందే, తనంతట తాను తెలుసుకునే వీలుంటే ఆ కుర్రవాడి చేతిలో నిర్ణయం ఉంటుంది.

తెలుసుకున్నాక ఏమిటి? ఈ ప్రశ్నకు గట్టి జవాబు మలావీ నుంచి వచ్చింది. బ్లాంటైర్ నగరపు పేద పేటల్లో ఇంటింటికీ స్వీయ పరీక్ష కిట్లు పంచారు. జనం బాగానే వాడారు. కానీ గీత పడినవాళ్లలో చాలామంది క్లినిక్ దాకా వెళ్లలేదు. అప్పుడు కొన్ని పేటల్లో మందులను కూడా ఇంటి దగ్గరే మొదలుపెట్టే ఏర్పాటు చేశారు. 2014లో ప్రచురించిన ఫలితాల ప్రకారం క్లినిక్‌కు రమ్మన్న పేటల్లో పెద్దవాళ్లలో 0.7 శాతం చికిత్స మొదలుపెడితే, ఇంటి దగ్గర మొదలుపెట్టిన పేటల్లో 2.2 శాతం మొదలుపెట్టారు. మూడింతలు. కిట్ రెండుచోట్లా అదే, గీతా అదే. తేడా అంతా గీత పడిన మనిషికి మందు ఎంత దూరంలో ఉందన్నదే.

మొఘల్‌పురా నుంచి ఉస్మానియా ఆసుపత్రిలోని ఏఆర్‌టీ కేంద్రం పటం మీద చూస్తే దూరమేమీ కాదు, మూసీ దాటితే అఫ్జల్‌గంజ్. కానీ రాత్రి పదకొండింటికి తెర వెనక రెండో గీత చూసిన మనిషికి ఆ మూసీ చాలా వెడల్పు. మర్నాడు పొద్దుటికి ధైర్యం సగం అవుతుంది, వారానికి 'ఆ కిట్ తప్పయి ఉంటుంది' అనిపిస్తుంది. కాబట్టి కిట్ ఇచ్చినవారే నిర్ధారణ పరీక్ష తేదీ, చోటు, అక్కడ కలవాల్సిన మనిషిని కూడా ముందే చెప్పి ఉంచాలి.

ఇది హైదరాబాద్‌కు చేతకానిదేమీ కాదు. 1995లో ఇక్కడి మహావీర్ ఆసుపత్రి క్షయ విషయంలో సరిగ్గా ఇదే చేసింది. దగ్గు వచ్చినవాడు ముందు గల్లీ డాక్టరు దగ్గరకే వెళ్తాడని గుర్తించి, ఆ ప్రైవేటు డాక్టర్లతో మాట్లాడుకుంది. అనుమానం ఉన్నవారిని వాళ్లు పంపుతారు, ఆసుపత్రి పరీక్షించి ప్రభుత్వపు ఉచిత మందులు దగ్గరుండి మింగిస్తుంది, రోగి మళ్లీ తన డాక్టరుకే దక్కుతాడు. ఐదు లక్షల జనాభాకు విస్తరించిన ఆ పద్ధతిని ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యానికి నమూనాగా ప్రపంచమంతా చెప్పుకుంది. హెచ్ఐవీ కిట్‌కు కొత్త నమూనా కోసం విదేశాల వైపు చూడటం దేనికి, ఊళ్లోనే ముప్ఫై ఏళ్ల కిందటిది ఉండగా?

విదేశీ డబ్బు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2021 జనవరిలో నారాయణగూడలో మిత్ర్ క్లినిక్ తెరుచుకుంది. ట్రాన్స్‌జెండర్ సమాజం కోసం దేశంలోనే ఆ తరహాలో మొదటిది, ఆ సమాజం వాళ్లే అందులో పనిచేసేవారు. హెచ్ఐవీ పరీక్ష, సలహా, మందులు అన్నీ ఒకే కప్పు కింద, ముఖం చిట్లించని మనుషుల మధ్య. యూఎస్ఎయిడ్ నిధులతో నడిచింది. 2025 మొదట్లో అమెరికా విదేశీ సాయాన్ని ఆపేసింది, క్లినిక్ మూతపడింది. అక్కడికి అలవాటుపడ్డ వాళ్లు రాత్రికి రాత్రి మరో తలుపు వెతుక్కోవాల్సి వచ్చింది. రెండో గీత తర్వాతి దారి ప్రాజెక్టు గడువు మీద ఆధారపడితే జరిగేది ఇదే. కిట్లను ఏ సంస్థ అయినా పంచవచ్చు. ఆ తర్వాతి బాధ్యత మాత్రం రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ చేతుల్లో, రాష్ట్ర బడ్జెట్‌లో ఉండాలి.

ఖరీదు గురించి పెద్దగా గింజుకోనక్కర్లేదు. అమెరికా దుకాణంలో నలభై డాలర్లకు అమ్మిన ఓరాక్విక్‌ను గేట్స్ ఫౌండేషన్ 2017లో కుదిర్చిన ఒప్పందంతో పేద దేశాలకు రెండు డాలర్లకే ఇచ్చారు. 2022లో రక్తపు చుక్కతో చేసే మరో కంపెనీ కిట్ ఒక డాలరుకు దిగింది. మందుల సంగతైతే మరీ విడ్డూరం. ఆఫ్రికాలో లక్షల మంది మింగే హెచ్ఐవీ మాత్రలు హైదరాబాద్ కంపెనీలైన అరబిందో, హెటెరో వంటివాటి నుంచి వెళ్తున్నాయి. మూడు మందులు కలిపిన మాత్రను మనిషికి ఏడాదికి సుమారు 75 డాలర్లకు ఇస్తామని 2017లో ఒప్పుకున్న రెండు కంపెనీల్లో అరబిందో ఒకటి. ఈ ఊరి మందు మలావీ రాజధాని లిలాంగ్వేలో పేదవాడికి చేరుతోంది. చార్మినార్ వెనక గల్లీలో తనకు ఆ మందు అవసరమని తెలియని మనిషికే చేరడం లేదు.

కోవిడ్ కిట్ల నుంచి ఒక పాఠం మిగిలింది. ఫలితాన్ని యాప్‌లో పెట్టమన్నారు, 2022 జనవరి ఒమిక్రాన్ అలలో చాలామంది పెట్టలేదు. జనానికి తెలిసింది, సర్కారుకు తెలియలేదు. హెచ్ఐవీ విషయంలో యాప్‌లో పేరు, ఆధార్ అడిగితే కిట్ కొనేవాడే ఉండడు. ఇంట్లో పడిన గీతలు ప్రభుత్వం లెక్కకు రాకపోయినా ఫర్వాలేదు. నిర్ధారణకు వచ్చినవారు ఎంతమంది, మందు మొదలుపెట్టినవారు ఎంతమంది అన్న రెండు అంకెలు చాలు, అవి ఐసీటీసీల్లో, ఏఆర్‌టీ కేంద్రాల్లో ఎలాగూ ఉంటాయి.

ఇది చదివి ఎవరికైనా తమ గురించి అనుమానం కలిగితే కిట్ కోసం ఎదురుచూడనక్కర్లేదు. ప్రభుత్వ ఐసీటీసీలో పరీక్ష ఉచితం, ఫలితం గోప్యం, సమ్మతి లేనిదే చేయరు. ఇంట్లో కిట్ వాడి రెండు గీతలు చూసినవారూ అక్కడికే వెళ్లాలి. ఒక్క గీతే పడినా గత మూడు నెలల్లో భయపడాల్సిన సందర్భం ఉంటే మూడు నెలలు నిండాక మళ్లీ చేయించుకోండి. దగ్గరలో కేంద్రం ఎక్కడుందో తెలియకపోతే నాకో సహాయ వాణి 1097కు ఫోన్ చేయండి. పగలైనా రాత్రయినా పలుకుతారు, కాల్‌కు డబ్బు పడదు.